జపాన్ వేలంలో ఎల్‌పీలు: కొన్నేళ్లుగా కొంటున్నవాడి మాట

యాహూ జపాన్ వేలం సైటులో పాత ఎల్‌పీలు, అంటే పెద్ద వినైల్ రికార్డులు, కొందామనుకుంటున్నాను, ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే నేను ముందే చెప్పేస్తాను: వేలం పాటలో గెలవడం పెద్ద పనేం కాదు. గెలిచిన రికార్డు వంగకుండా, దాని అట్ట కవర్, అంటే జాకెట్, అంచు చిరక్కుండా హైదరాబాద్ చేరడమే అసలు పని. చవకని దిగినవాళ్లు ఒకటి రెండు పార్సిళ్లకే విసిగిపోతారు. ఏ ప్రెస్సింగ్ (ఎవరు, ఎప్పుడు అచ్చు వేసింది), ఎలాంటి కండిషన్, ఎలా ప్యాక్ చేస్తారు అని ఆరా తీసే అలవాటున్నవాళ్లకు మాత్రం ఇంతకన్నా మంచి చోటు నాకు తెలియదు. కొన్నేళ్లుగా కొంటున్నాను, ఇప్పటికీ కొంటున్నాను. ఎక్కువగా జాజ్, కొంచెం సిటీ పాప్ అనే ఎనభైల నాటి జపాన్ పాప్ సంగీతం.

ఈబేలో అమెరికా, బ్రిటన్ వాళ్ల దగ్గర కొనొచ్చు కదా అంటారు. కొన్నాను. అక్కడ 'వీజీ ప్లస్', అంటే చాలా బాగుంది అని గ్రేడ్ రాసిన రికార్డు ఇంటికొచ్చాక సూది కింద చిటపటలాడటం మామూలే. జపాన్ అమ్మకందారు 'బి' గ్రేడ్ అన్నదాన్ని మన దగ్గర కొత్తదని చెప్పి అమ్మేస్తారు. కాస్త పెంచి చెబుతున్నానేమో గానీ మరీ ఎక్కువేం కాదు. ఫొటోలో కనిపించని వెంట్రుకవాసి గీత గురించి కూడా 'రెండో వైపు, మూడో ట్రాక్ మీద, శబ్దం రాదు' అని రాసిపెట్టేవాళ్లున్నారు. జాకెట్ వెనక పాత యజమాని పెన్నుతో రాసుకున్న తేదీ, పాటల కాగితం మీద పడిన గోధుమరంగు మచ్చ, అన్నీ చెబుతారు. ఫోన్‌లో ట్రాన్స్‌లేటర్ పెట్టుకుని ఆ వివరాలు చివరి వాక్యం దాకా చదవాలి. 'వినిపించి చూడలేదు', 'జంక్', 'నో క్లెయిమ్, నో రిటర్న్' అనేవి ఎప్పుడూ ఆ చివర్లోనే ఉంటాయి.

యాహూ జపాన్ వేలం 1999లో మొదలైంది. ఈబే 2000లో జపాన్‌లో అడుగుపెట్టి 2002 కల్లా మూటాముల్లె సర్దుకుంది. అందుకే అక్కడి ఇళ్లలోంచి, మూతపడ్డ కాఫీ హోటళ్లలోంచి బయటికొచ్చే రికార్డులు ఇక్కడే ఎక్కువగా తేలతాయి. చిక్కల్లా ఏమిటంటే మనం నేరుగా పాడలేం. జపాన్ ఫోన్ నంబర్, అక్కడి అడ్రస్ కావాలి. బయీ, జెన్‌మార్కెట్ లాంటి ఏజెన్సీలు మన తరఫున పాడి, సరుకు తమ గోడౌన్‌కు తెప్పించుకుని, మనం చెప్పినప్పుడు పంపిస్తాయి. యూరప్, బ్రిటన్ వాళ్లకైతే 2022 ఏప్రిల్ నుంచి యాహూ జపాన్ సైటే తెరుచుకోవడం లేదు. మనకు ఆ బాధ లేదు.

ఇక అసలు మజా ఓబీలో ఉంది. ఓబీ అంటే జాకెట్ ఎడమ అంచుకు చుట్టిన నిలువు కాగితం పట్టీ. కొన్నవాళ్లు చాలామంది దాన్ని చించి పారేశారు కాబట్టి, ఉన్నదానికీ లేనిదానికీ ధరలో బాగా తేడా పడుతుంది. నాకు మాత్రం అందం కన్నా దాని మీద అచ్చేసిన ధర ముఖ్యం. 2,000 యెన్‌లుంటే డెబ్బైల మొదట్లోది, 2,500 ఉంటే ఆ దశాబ్దం రెండో సగానిది, 2,800 అయితే ఎనభైలది అని ఒక మోస్తరు లెక్క. చవక రీఇష్యూలు, అంటే తర్వాత మళ్లీ వేసినవి, 1,500కే వచ్చేవి, కాబట్టి కేటలాగ్ నంబర్‌తో సరిపోల్చుకోవాలి. ఉదాహరణకు అమెరికా జాజ్ లేబుల్ బ్లూ నోట్ రికార్డులను జపాన్‌లో డెబ్బైల చివరి నుంచి ఎనభైల మొదటి దాకా కింగ్ రికార్డ్స్ వేసింది, తర్వాత తోషిబా-ఈఎంఐ వేసింది. కేటలాగ్ నంబర్ జీఎక్స్‌కే అని మొదలైతే కింగ్‌ది, బీఎన్‌జే అని మొదలైతే తోషిబాది. నా చెవికి కింగ్ ప్రెస్సింగే బాగుంటుంది. బ్లూ నోట్ రికార్డింగ్ ఇంజినీరు రూడీ వాన్ గెల్డర్ ముద్ర ఉన్న అమెరికన్ ఒరిజినల్‌కు పెట్టే డబ్బుతో అల్మారాలో ఒక అర వీటితో నింపేసుకోవచ్చు. ఉపరితలం ఎంత నిశ్శబ్దంగా ఉంటుందంటే, పాట మొదలయ్యేదాకా సూది దిగిందో లేదో అనుమానమొస్తుంది.

జపాన్‌వాళ్ల సొంత జాజ్ కూడా వదలొద్దు. 1970లో పుట్టిన త్రీ బ్లైండ్ మైస్ లేబుల్ రికార్డింగుల్ని స్పీకర్లు పరీక్షించడానికి వాడేవాళ్లున్నారు. వాటికి పోటీ గట్టిగా ఉంటుంది, పర్సు జాగ్రత్త. అరవైల నాటి తోషిబా ఎర్ర రికార్డులు, ఎవర్‌క్లీన్ అనేవి, దుమ్ము పట్టకుండా చేసినవి. దీపం ముందు పెడితే దానిమ్మ రంగులో మెరుస్తాయి. షోకే అయినా నాకిష్టం.

పాట పాడే పద్ధతి ఈబే లాంటిది కాదు. ఆఖరి మూడు సెకన్లలో కొట్టే ట్రిక్ ఇక్కడ పారదు. అమ్మకందారు ఆటోమేటిక్ ఎక్స్‌టెన్షన్ పెడితే, చివరి అయిదు నిమిషాల్లో ఎవరైనా ధర పెంచినప్పుడల్లా గడువు మరో అయిదు నిమిషాలు జరుగుతుంది. చాలా వేలాలు అక్కడి రాత్రి తొమ్మిది, పదకొండు మధ్య ముగుస్తాయి. మనకది సాయంత్రం అయిదున్నర, ఏడున్నర మధ్య. నా పరిమితి పెట్టేసి ఫోన్ పక్కన పడేసి వాకింగ్‌కు పోతాను. కూర్చుని చూస్తే టెన్షన్, పంతం, రెండూ పెరుగుతాయి.

ఖర్చు సంగతి. 1,800 యెన్‌లకు రికార్డు దక్కిందనుకోండి. అమ్మింది షాపువాళ్లయితే పది శాతం వినియోగ పన్ను. ఏజెన్సీ ఫీజు కొన్ని వందలు, గోడౌన్ దాకా జపాన్ లోపలి పోస్టేజీ ఎనిమిది, తొమ్మిది వందలు. ఒక్క ఎల్‌పీనే ప్యాక్ చేసి ఈఎంఎస్‌లో, అంటే పోస్టాఫీసు అంతర్జాతీయ స్పీడ్ పోస్టులో, పంపిస్తే దాదాపు మూడు వేలు. అంటే రికార్డు కన్నా దాని ప్రయాణమే ఎక్కువ. ఆరు రికార్డులు కలిపి తెప్పిస్తే ఒక్కోదానికి షిప్పింగ్ వెయ్యి దగ్గరకు దిగుతుంది. నేను ఆరుకు తగ్గించను, ఎనిమిదికి మించనివ్వను, బరువెక్కితే పెట్టె మూలలు నలుగుతాయి. కార్డు మీద పడే మూడు, మూడున్నర శాతం ఫారెక్స్ మార్కప్‌ను, అంటే విదేశీ డబ్బుగా మార్చడానికి బ్యాంకు తీసుకునేదాన్ని, చాలామంది లెక్కలో వేసుకోరు. కార్డుకు ఇంటర్నేషనల్ లావాదేవీలు విడిగా ఆన్ చేసుకోవాలన్నది తెలిసిందే.

నా పెద్ద ఫిర్యాదు ఈ కలిపి పంపడం దగ్గరే. అమ్మకందారు రెండు అట్టల మధ్య బిగించి, మూలలకు మడతలు పెట్టి, రికార్డును జాకెట్ బయట విడిగా పెట్టి పంపిస్తాడు. ఓసారి ఒక ఏజెన్సీ, పేరెందుకులెండి, గోడౌన్‌లో అవన్నీ విప్పి పారేసి, రికార్డుల్ని జాకెట్లలోకి తోసి ఒకే పెట్టెలో వేసింది. దారిలో పడ్డ దెబ్బలకు రికార్డు లోపల్నించి కోసినట్టు రెండు జాకెట్ల పై అంచులు బారుగా చీలాయి. ఫొటోలు పంపితే 'బయటి పెట్టె బాగానే ఉంది కదా' అని సమాధానం. అప్పటి నుంచి ప్రతి ఆర్డర్‌లో 'అసలు ప్యాకింగ్ విప్పొద్దు, రికార్డులు జాకెట్ బయటే ఉండాలి' అని జపనీస్‌లో రాసి పెడుతున్నాను. ఆ ఒక్క వాక్యం ఇన్సూరెన్స్ కన్నా ఎక్కువ పనిచేసింది.

కస్టమ్స్ గురించి జనం భయపడేంత లేదు, తేలిగ్గా తీసుకునేంతా లేదు. వస్తువు ధర మీదే కాదు, షిప్పింగ్ కలిపిన మొత్తం మీద డ్యూటీ వేస్తారు. ఈఎంఎస్ అయితే పోస్ట్‌మ్యాన్ ఇంటి దగ్గరే వసూలు చేస్తాడు. మా వీధి పోస్ట్‌మ్యాన్ పెట్టె చూడగానే "మళ్లీ జపానేనా సార్? ఈసారి గట్టిగానే పడింది, చిల్లర ఉంచండి" అంటాడు. ప్రైవేట్ కొరియర్ వేగంగా వస్తుంది కానీ కేవైసీ కాగితాలు, వాళ్ల సొంత చార్జీలు అదనం. ధర తక్కువ చేసి రాయమని ఏజెన్సీని అడిగే బంధుమిత్రులకు నా సలహా: వద్దు. పెట్టె పోతే ఆ రాసిన ధరే మీకు దక్కేది.

డాలస్‌లో ఉన్న మా బావ ఇన్నాళ్లూ నన్ను చూసి నవ్వేవాడు. 800 డాలర్లలోపు సరుకుకు అక్కడ సుంకమే ఉండేది కాదు మరి. 2025 ఆగస్టు 29తో ఆ వెసులుబాటు పోయింది. అదే సమయంలో జపాన్ పోస్ట్ అమెరికాకు పార్సిళ్లు చాలావరకు ఆపేసింది. "ఏరా, మీ డ్యూటీ లెక్కలు ఎలా వేస్తార్రా?" అని వాడిప్పుడు నాకే ఫోన్ చేస్తున్నాడు.

ఎవరికి పనికిరాదంటే, ఒక్క రికార్డు, ఈ నెలలోనే కావాలనేవాళ్లకు. మన ఊళ్లో కొత్త రీఇష్యూ కొనుక్కోవడం వాళ్లకు మేలు. పాత తెలుగు రికార్డుల కోసం కూడా ఇక్కడ వెతకొద్దు, అవి హైదరాబాద్, చెన్నై పాత సామాన్ల కొట్లలోనే దొరుకుతాయి.

ఎండాకాలం ఒక్కటి మర్చిపోవద్దు. మార్చి మధ్య దాటాక నేను ఏదీ పంపమనను. ఏప్రిల్, మే ఎండల్లో రేకుల షెడ్డులోనో, ఆపిన వ్యాన్‌లోనో ఒక పూట ఉన్నా వినైల్ పళ్లెంలా వంగుతుంది. ఏజెన్సీలు నెలా, నెలన్నర మాత్రమే ఉచితంగా దాచి ఉంచుతాయి కాబట్టి ఫిబ్రవరి దాటితే పాట పాడటమే ఆపేస్తాను. మళ్లీ తొలకరి పడ్డాకే.