కుక్కకు క్యాన్సర్ గడ్డ: ఆపరేషన్ మేలా, సూదిమందు మేలా?

ఒడిశాలోని రాయగడ నుంచి మా చిన్నాన్న కొడుకు ఫోన్ చేశాడు. "అక్కా, బ్రూనోకి క్యాన్సరంట. కీమో చేయించమంటావా, ఆపరేషన్ చేయించమంటావా? మీ చుక్కికి కీమోతోనే తగ్గిపోయింది కదా!"

తగ్గిన మాట నిజమే. "ఇంతకీ అది ఏ గడ్డో తేల్చారా?" అని అడిగాను. "గడ్డంటే గడ్డే కదక్కా" అన్నాడు. చుక్కి విషయంలో మొదట్లో నేనూ అలాగే అనుకున్నాను.

చుక్కి పర్లాకిమిడిలో మా వీధి కుక్క. అన్నం మా ఇంట్లో, నిద్ర ఎదురింటి అరుగు మీద. ఓసారి మా మెట్ల మీద రక్తపు మరకలు కనబడితే ఎదకొచ్చిందనుకున్నాం. నెల దాటినా ఆగలేదు. తోక ఎత్తి చూస్తే లోపల కాలీఫ్లవర్ ముక్కలాంటి ఎర్రటి కండ ఉంది, వేలు తగిలితే చాలు రక్తం కారుతోంది. డాక్టర్ గారు దాన్ని గాజు పలక మీద అద్ది, రంగు వేసి, మైక్రోస్కోప్‌లో చూసి "టీవీటీ" (ట్రాన్స్‌మిసిబుల్ వెనీరియల్ ట్యూమర్) అన్నారు.

ఇది కుక్క నుంచి కుక్కకు అంటుకునే క్యాన్సర్. అంటేది క్రిమి కాదు, క్యాన్సర్ కణమే. జత కట్టేటప్పుడు ఒకదాని నుంచి రాలిన కణాలు ఇంకోదానిలో మొలుస్తాయి. వాసన చూసి, నాకి ముక్కులో తెచ్చుకునే కుక్కలూ ఉంటాయి. వేల ఏళ్ల కిందట ఏదో ఒక్క కుక్కలో పుట్టిన గడ్డే ఇప్పటికీ ఇలా ఊరూరా తిరుగుతోంది. మనుషులకు మాత్రం అంటదు.

మా ఇంట్లో అందరూ కోయించేయమన్నారు. ఒక్కరోజులో పని అయిపోతుందని నాకూ అదే మేలనిపించింది. కానీ ఆ గడ్డ మూత్రనాళం పక్కనే పాకి ఉంటుంది, అంచులు శుభ్రంగా కోయడం కష్టం. కాస్త మిగిలినా మళ్లీ పెరుగుతుంది. విన్‌క్రిస్టిన్ అనే కీమో సూదిమందైతే వారానికొకటి చొప్పున మామూలుగా నాలుగు నుంచి ఆరు సరిపోతాయి, నూటికి తొంభై కుక్కలకు పూర్తిగా నయమవుతుంది. క్యాన్సర్ వైద్యంలో ఇంత ధైర్యంగా చెప్పగలిగే మాటలు చాలా తక్కువ. కాబట్టి టీవీటీ అయితే నా ఓటు కళ్లు మూసుకుని కీమోకే. పైగా అది మనుషులకు వాడే మందే. మా లెక్కలో మందు కంటే ఆటోకే ఎక్కువైంది.

ఆ మందు మొదట తీసింది బిళ్ళగన్నేరు మొక్క నుంచి. ఇది చెప్పగానే మా అత్త పెరట్లోకి చూసింది. వద్దు! ఆ ఆకులు నూరి పోస్తే అది వైద్యం కాదు, విషం.

ఇంజెక్షన్ కదా, కాంపౌండరు పొడిచేస్తాడులే అనుకుంటే కుదరదు. విన్‌క్రిస్టిన్ చుక్క నరం బయట పడినా అక్కడ కండ కుళ్లుతుంది. అందుకే ముందు నరంలో కాన్యులా (సన్నటి గొట్టం) పెట్టి, సెలైన్ ఎక్కించి చూసి, నరంలోకే పోతోందని నమ్మకం కుదిరాకే మందు ఇచ్చేవారు. నా పని చుక్కి కాలు కదలకుండా పట్టుకోవడం. ప్రతి సూదికీ ముందు రక్త పరీక్ష. నాలుగోసారి తెల్లకణాలు బాగా పడిపోతే ఆ వారం ఇవ్వకుండా వెనక్కి పంపేశారు. ఆ రోజు నేను విసుక్కున్నాను గానీ, ఆయన చేసిందే సరైన పని. మందు ఇచ్చిన రెండు మూడు రోజులు దాని ఉచ్చ, పెంట గ్లౌజులు లేకుండా ముట్టుకోకూడదు. ఇంట్లో గర్భిణులుంటే ఆ పని వాళ్లకు అసలు పెట్టకండి. జుట్టు ఊడుతుందని భయపడ్డాం గానీ ఊడలేదు. పూడిల్ లాగా ఆగకుండా వెంట్రుక పెరిగే జాతులకే ఆ బెడద. పిల్లులకైతే మీసాలు రాలొచ్చు.

ఆడకుక్క పొదుగులో గడ్డ వస్తే మాత్రం లెక్క తిరగబడుతుంది. అక్కడ ముందు కత్తే, సూది తర్వాత. కుక్కల్లో అలాంటి గడ్డలు దాదాపు సగం చెడ్డవి, అంటే క్యాన్సర్ గడ్డలు. పిల్లుల్లో నూటికి ఎనభై అయిదుకు పైగా చెడ్డవే. అందుకే పిల్లికి చిన్న బఠాణీ గింజంత తగిలినా చూద్దాంలే అనకండి, ఆ వైపు పొదుగు వరస మొత్తం తీయించాల్సి రావచ్చు. కోసే ముందు ఛాతీ ఎక్స్‌రే తప్పనిసరి. ఊపిరితిత్తులకు పాకి ఉంటే అంత పెద్ద కోతతో ఒరిగేదేమీ ఉండదు. ఇంకో మాట: మనుషులకూ కుక్కలకూ వాడే సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు పిల్లికి ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరి చచ్చిపోతుంది. నొప్పికని మనం మింగే పారాసెటమాల్ కూడా పిల్లికి ప్రాణాంతకమే. రేడియేషన్ మన దేశంలో పెంపుడు జంతువులకు దొరకడమే అరుదు, మా సరిహద్దు ఊళ్ల నుంచి ఆ ఆలోచన పెట్టుకోనక్కర్లేదు.

ఇక బ్రూనో. తొమ్మిదేళ్ల లాబ్రడార్. రెండు దవడల కింద, మోకాళ్ల వెనక నిమ్మకాయల్లాంటి ఉండలు. ఫోటో చూడగానే నాకు లింఫోమా (లింఫ్ గ్రంథుల క్యాన్సర్) అనే అనుమానం వచ్చింది, వారం తర్వాత సూది పరీక్షలో, అంటే ఉండలోంచి సూదితో కణాలు తీసి చూస్తే, అదే తేలింది. ఇది రక్తంతో పాటు ఒళ్లంతా తిరిగే జబ్బు. ఆపరేషన్ ఊసే లేదు. మిగిలినవి రెండే దారులు.

ఒకటి నాలుగు మందుల కీమో. 19 నుంచి 25 వారాలు పడుతుంది, అందులో పదహారు సార్ల దాకా ఆసుపత్రికి తిరగాలి. నూటికి ఎనభై తొంభై కుక్కల్లో ఉండలు కరిగిపోతాయి, కుక్క మామూలుగా తిని తిరుగుతుంది. కానీ జబ్బు పోయినట్టు కాదు, చాలావాటికి ఏడాది లోపే తిరగబెడుతుంది. రెండోది ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు మాత్రమే. ఖర్చు నామమాత్రం, తిరుగుడు లేదు, ఆకలి లేస్తుంది, నీళ్లు తెగ తాగి ఇల్లంతా ఉచ్చ పోస్తుంది. దక్కేది నెలా రెండు నెలలు.

కాగితం మీద మొదటిదే మేలు. రాయగడలో కూర్చుని చూస్తే అంత తేలిక కాదు. పశువైద్య కళాశాలలు మాకు ఒకపక్క గరివిడిలో, ఇంకోపక్క భువనేశ్వర్‌లో ఉన్నాయి. రైల్లో పెద్ద కుక్కను తీసుకెళ్లాలంటే ఫస్ట్ ఏసీలో కూపే దొరకాలి, లేదా గార్డు డబ్బాలో పెట్టాలి. ఆరు నెలల పాటు ఆ తిరుగుడు తిరగాలి. అక్కడికి వెళ్లినా ఆ మందులు ఆ రోజు ఉంటాయో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోకుండా బయలుదేరొద్దన్నాను.

వాడి కేసులో అసలు తిరకాసు వేరే ఉంది. సూది పరీక్ష కాకముందే "వాపు తగ్గడానికి" అని ఎవరో స్టెరాయిడ్ మొదలుపెట్టారు. ఉండలు నాలుగు రోజుల్లో సగమయ్యాయి, వీళ్లు సంబరపడ్డారు. లింఫోమాకు ముందే స్టెరాయిడ్ పడితే ఆ తర్వాత ఇచ్చే కీమోకు గడ్డ సరిగ్గా లొంగదు. అప్పటికే మూడు వారాలు వాడేశారు. దేనికైనా ముందు సూది పరీక్ష అని నేను పోరేది ఇందుకే.

అవకాశం తగ్గిందే గానీ పోలేదు, చేయిస్తే చేయించు అన్నాను. వాడు రెండు రోజులు ఆలోచించాడు. "బ్రూనోకి కారెక్కితేనే వాంతులక్కా. పదహారు సార్లు ఎక్కించలేను" అన్నాడు. మాత్రలే కొనసాగించారు. యాభై రోజులు బతికింది. చివరి వారం దాకా సాయంత్రం గేటు దగ్గర నిలబడి పాలవాడి మీద మొరిగేదట.

చుక్కి ఇప్పుడు మా మెట్ల మీదే పడుకుంటోంది. ఆరో సూది తర్వాత గాజు పలక మీద కణాలేవీ కనబడలేదు. మరుసటి నెలలో పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాం. ఆటో చప్పుడు వింటే మాత్రం ఇప్పటికీ మంచం కిందకి దూరుతుంది.