బ్యాక్‌కంట్రీకి ఒకే జత స్కీలు: 96 మిల్లీమీటర్ల నడుముతో ఐదు శీతాకాలాలు

నేను సియాటిల్ దగ్గర ఉంటాను. ఎనిమిది శీతాకాలాలుగా కాస్కేడ్ పర్వతాల్లో బ్యాక్‌కంట్రీ స్కీయింగ్ చేస్తున్నాను. అంటే లిఫ్టు సాయం లేకుండా, స్కీల అడుగున స్కిన్లు అనే వెంట్రుకల పట్టీలు అంటించుకొని కొండ ఎక్కి, పైకి చేరాక వాటిని ఊడదీసి, యంత్రాలు చదును చేయని మంచు మీదుగా దిగి వస్తున్నాను. ఈ ఎనిమిదేళ్లలో మూడు జతలు వాడాను. మొదటి రెండు శీతాకాలాలు 108 మిల్లీమీటర్ల నడుమున్నవి, తర్వాత ఒక ఏడాది 86వి, అప్పటి నుంచి ఐదేళ్లుగా 96వి. నడుమంటే బూటు కింద స్కీ అన్నిటికంటే సన్నగా ఉండే చోటు, వెడల్పు అని అందరూ చెప్పుకునేది ఆ కొలతనే. కంపెనీ పేర్లు రాయడం లేదు. 95 నుంచి 100 మధ్య నడుముతో తేలికైన టూరింగ్ స్కీలను, అంటే ఇలా ఎక్కి దిగడానికి వాడేవాటిని, చాలామంది తయారీదారులు చేస్తున్నారు. ఒక కంపెనీకీ మరో కంపెనీకీ ఉన్న తేడా కంటే, ఒక వెడల్పుకూ మరో వెడల్పుకూ ఉన్న తేడాయే నా కాళ్లకు ఎక్కువగా తెలిసింది.

మొదట 108 కొనడానికి కారణం ఇక్కడి మంచే. మా ఇంటికి రెండు మూడు గంటల దూరంలోని మౌంట్ బేకర్ స్కీ ప్రాంతంలో 1998-99 శీతాకాలంలో 1,140 అంగుళాల మంచు కురిసి ప్రపంచ రికార్డు అయింది. అంత మంచు పడే చోట వెడల్పైన స్కీ లేకపోతే మునిగిపోతాననుకున్నాను. దిగేటప్పుడు ఆ అంచనా తప్పు కాలేదు. పసిఫిక్ సముద్రపు తేమతో వచ్చే ఈ మంచు బరువుగా ఉంటుంది, దీన్ని ఇక్కడ కాస్కేడ్ కాంక్రీటు అంటారు. అందులో మోకాలి లోతున కూడా 108 నన్ను పైపైనే తేల్చింది. అయితే రెయినియర్ పర్వతం మీది క్యాంప్ ముయిర్ వంటి చోటికి నేను ఎక్కడానికి ఐదు గంటలు పడుతుంది, దిగడానికి మధ్యమధ్య ఆగినా గంట చాలు. స్కీ ఎంచుకునేటప్పుడు నేను ఆ ఒక్క గంటనే లెక్కలోకి తీసుకున్నాను.

ఆ పర్వతం మీద, ఎక్కడం మొదలుపెట్టే పారడైజ్ 5,400 అడుగుల ఎత్తున ఉంటే, క్యాంప్ ముయిర్ 10,080 అడుగుల ఎత్తున ఉంది. ఆ దారిలో పనోరమా పాయింట్ దగ్గర వాలు బాగా నిటారుగా ఉంటుంది. ఒక ఏప్రిల్ ఉదయం, ముందు రోజు కరిగిన మంచు రాత్రికి గడ్డకట్టి గాజులా ఉన్నప్పుడు, 108 స్కీలతో ఆ వాలును అడ్డంగా దాటాల్సి వచ్చింది. కొండ వైపు అంచును మంచులోకి దించాలని పాదాన్ని ఎంత వంచినా, స్కీ తిరిగి వాలుకు సమాంతరంగా పడుకోవడానికే చూసింది. ఒక్కో అడుగుకూ చీలమండ లోపలి వైపు నరం లాగినట్టయింది. స్కిన్ వెంట్రుకలు మంచుకు ఆని పట్టు దొరుకుతున్నంతలోనే కింది స్కీ రెండు అంగుళాలు జారేది, నేను కర్ర మీద బరువు మోపి మళ్లీ నిలదొక్కుకునేదాన్ని. ముప్పై అడుగుల దూరం దాటడానికి పావుగంట పట్టింది.

దీనికి కారణం కష్టమైన భౌతికశాస్త్రమేమీ కాదు. 108 స్కీలో పాదం మధ్య గీత నుంచి అంచు 54 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది, 96లో 48, 86లో 43. గట్టి మంచు మీద బరువంతా ఆ ఒక్క అంచు మీదే నిలవాలి కాబట్టి, అంచు పాదానికి ఎంత ఎడంగా ఉంటే చీలమండ అంత మెలిపెట్టి పట్టుకోవాలి. దిగేటప్పుడు వేగం, తొడల బలం కొంత సాయం చేస్తాయి. ఎక్కేటప్పుడు మడమ, బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగు నుంచి విడిగా ఉంటుంది, బూటు పైభాగం వదులుగా ఉంటుంది, వేగం ఉండదు. పని మొత్తం చీలమండదే. అందుకే స్కీ వెడల్పును ఏడాదిలో దొరికే అతి మంచి పొడి మంచును బట్టి కాక, తెల్లవారుజామున అడ్డంగా దాటాల్సిన అతి గట్టి వాలును బట్టి నిర్ణయించుకోవాలని నా అభిప్రాయం.

బరువు సంగతి కూడా ఉంది. నా 108 స్కీ ఒక్కొక్కటి 1,750 గ్రాములు, ఇప్పటి 96 స్కీ 1,380 గ్రాములు. వెడల్పైన స్కిన్ బరువు కూడా కలిపితే కాలికి 430 గ్రాముల తేడా వచ్చింది. వీపు మీది సంచిలో అంత బరువు పెరిగితే తెలియకపోవచ్చు, కాలికి కట్టుకొని వేల సార్లు ముందుకు జరపాల్సి వస్తే మూడో గంటకల్లా తెలిసిపోతుంది.

108తో విసిగి 86కు మారినప్పుడు ఎక్కడం ఎంత హాయిగా ఉందో చెప్పలేను. మౌంట్ సెయింట్ హెలెన్స్ మీద మే నెలలో, ఎండ తగిలి కల్లుప్పు గింజల్లా వదులైన కార్న్ మంచు మీద 86 కంటే మంచి స్కీ నాకు తారసపడలేదు. కానీ నాలుగు నెలల ముందు, జనవరిలో, స్నోక్వాల్మీ కనుమ దగ్గరి అడవిలో అదే స్కీ నన్ను బాగా ఇబ్బంది పెట్టింది. వాన పడి, ఆపైన చలి పెరిగి, మెత్తని మంచు మీద అప్పడం మందాన పెచ్చు కట్టి ఉంది. మలుపు మొదలుపెట్టగానే ఆ పెచ్చు విరిగి స్కీ లోపలికి దిగబడేది, దిగబడినది పెచ్చు కిందే ఇరుక్కొని తిరిగేది కాదు. చెట్ల మధ్య అలా ఇరుక్కోవడం అలసటతో పోయే విషయం కాదు, మోకాలికి ప్రమాదం.

ఇక 96 విషయానికి వస్తే, ఐదేళ్లలో దీన్ని నవంబరు తొలి మంచు నుంచి జూన్ చివరి మంచు దాకా వాడాను. గట్టి వాలు మీద ఇది 86 అంత నిబ్బరంగా నిలవదు, కాని 108 పెట్టిన బాధ పెట్టదు. చీలమండ పని చేస్తోందని తెలుస్తుంది, నొప్పి పుట్టదు. లోతైన మంచులో ఇది 108లా తేలదు. మోకాలి దాకా మంచు ఉండి వాలు తక్కువైతే ఆగిపోతుంది, అప్పుడు ముందువాళ్లు వేసిన గాళ్లలోనే పోవాలి. పెచ్చు మంచులో మాత్రం నేను ఆశించినదాని కంటే బాగా పనిచేసింది. అందుకు వెడల్పు ఒక్కటే కారణం కాదు. ఈ స్కీ ముందు కొన చాలా దూరం నుంచే పైకి లేచి ఉంటుంది, తోక కూడా కొద్దిగా లేచి ఉంటుంది. ఆ ఆకారం నా 86కు లేదు. కాబట్టి నడుము కొలత ఒక్కటే చూసి కొనేవారు, స్కీని చదునైన నేల మీద పెట్టి కొన ఎక్కడి నుంచి లేస్తోందో కూడా చూసుకోవాలి.

వెడల్పు మార్చినప్పుడు దానితోపాటు మార్చాల్సినవి చాలామంది మరచిపోతారు. గడ్డకట్టిన వాలు మీద స్కీ కింద బిగించే క్రాంపాన్, అంటే లోహపు పళ్ల పట్టీ, నడుము కంటే కొంచెం వెడల్పుగా ఉండాలి. 86కు కొన్నది 96కు పట్టదు. బూటు నుంచి ఊడిన స్కీ జారిపోకుండా ఆపే బైండింగు బ్రేకు కూడా అంతే. స్కిన్ కత్తిరించేటప్పుడు రెండు వైపులా ఇనుప అంచు రెండేసి మిల్లీమీటర్లు బయటికి కనబడేలా వదలాలి. నేను మొదటి జతకు బూటు కింద ఒక వైపు అంచును స్కిన్‌తో కప్పేశాను. ఆ వైపు వాలు వచ్చినప్పుడల్లా స్కీ జారింది, లోపం వెడల్పులో ఉందనుకొని నెల రోజులు పొరబడ్డాను. కత్తెర పట్టి సరిచేశాకే అసలు పట్టు ఎలా ఉంటుందో తెలిసింది.

నా బరువు 61 కిలోలు, నా బూట్లు ఒక్కొక్కటి 1,200 గ్రాముల లోపువి. అంత తేలికైన బూటు 105 దాటిన స్కీని గట్టి మంచులో అదుపు చేయలేదు. బెల్లెవ్యూలో ఉండే మా బంధువుల అబ్బాయి పోయినేడాది ఈ ఆటలోకి వచ్చినప్పుడు, "అక్కా, పౌడర్ మంచు కోసమే కదా కొంటున్నాం, ఎంత వెడల్పుంటే అంత మంచిది కాదా?" అని అడిగాడు. "ఎక్కేటప్పుడు కూడా నీ కాళ్లకు అవే ఉంటాయిరా" అని, నా 96, ఒక స్నేహితుని 112 ఇచ్చి స్టీవెన్స్ కనుమ దగ్గర ఒక్కో పూట నడిపించాను. అతను 92 కిలోల మనిషి, నా స్కీ అతని కింద మెత్తని మంచులో నిజంగానే మునిగింది. చివరికి 102 తీసుకున్నాడు. అతని బరువుకు అది సరైన ఎంపికే.

ఐదేళ్ల తర్వాత నా జత పైపొర అంచుల వెంట అక్కడక్కడా పెచ్చులూడింది, రాళ్లు గీసిన చోట అడుగుభాగం రెండుసార్లు పూడ్పించాను, ఇనుప అంచు ఎక్కడా వీడలేదు. స్కిన్ల జిగురు మాత్రం చలికి పట్టు వదులుతోంది. నవంబరులోపు కొత్త స్కిన్లు తెచ్చి, మళ్లీ ఈ 96 కొలతకే కత్తిరించుకోవాలి.