రేటింగ్‌తో పాటలకు వంతులు: మూడేళ్ళు వాడాక

మా కుట్టు దుకాణం విజయనగరంలో, గంటస్తంభానికి నాలుగడుగుల దూరంలో. నాలుగు మిషన్లు, ఒక కటింగ్ బల్ల, మూలన పాత కంప్యూటరు. పొద్దున్న పదింటికి పెట్టిన పాటలు రాత్రి షట్టర్ దించేదాకా మోగుతూనే ఉంటాయి. భోజనాల వేళ, కరెంటు పోయిన వేళ తీసేస్తే రోజుకి వంద పాటలు. కంప్యూటర్లో ఉన్నవి నాలుగు వేలు. ఇన్ని ఉన్నా మూడేళ్ళ క్రితం వరకూ రోజూ ఒకటే మాట: "ఏటన్నా, నిన్న ఏసిన పాటే మళ్ళీ ఏసేవు?"

వేసింది నేను కాదు, పాటల్ని కలగాపులగంగా తీసే షఫుల్. నాలుగు వేలలోంచి రోజూ కొత్తగా వంద తీస్తే, నిన్నటి వందలోంచి సగటున రెండో మూడో మళ్ళీ పడతాయి. లెక్కకి అది చాలా తక్కువ. చెవికి మాత్రం ఆ రెండే తగులుతాయి. పోనీ అని, బాగా నచ్చి ఐదు స్టార్ల రేటింగ్ ఇచ్చుకున్న పాటలే పెట్టాను. అవి నూట నలభై. రోజున్నరకి ఒక చుట్టు తిరిగిపోయేవి. రెండు వారాల్లో నాకు ప్రాణంలాంటి పాటలు కూడా మిషను చప్పుడుతో సమానమైపోయాయి. అది నాకు నిజంగా బాధనిపించింది.

మా ఊళ్ళో ఇది చిన్న విషయం కాదు. 1919లో పెట్టిన మహారాజా సంగీత కళాశాల ఇక్కడే ఉంది. ఘంటసాల, సుశీల గార్లు చదువుకున్నది అక్కడే. జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు కూడా పాట అయ్యేదాకా నిలబడి విని వెళ్తారు.

నన్ను గట్టెక్కించింది ఆటో ప్లేలిస్ట్. కంప్యూటర్లో పాటలు వేసే ఐట్యూన్స్ ప్రోగ్రాంలో దీన్ని స్మార్ట్ ప్లేలిస్ట్ అంటారు. మ్యూజిక్‌బీ, ఫూబార్‌లలోనూ ఉంది. నేను వాడేది ఏదన్నది ఇక్కడ అవసరం లేదు, పని ఒకటే. పాటలు మనం ఎంచం, షరతు రాస్తాం. "రేటింగ్ ఐదు, గత ఏడు రోజుల్లో మోగలేదు" అని రాస్తే ఆ రెండూ కుదిరిన పాటలే జాబితాలోకి వస్తాయి. మోగిన పాట దానంతటదే బయటికి పోయి, ఏడు రోజులయ్యాక తిరిగొస్తుంది.

ఇక్కడ నా బుర్రలో మారింది ఒక్కటే. అప్పటిదాకా స్టార్లంటే పాటకిచ్చే బహుమతి అనుకునేవాణ్ణి. ఇప్పుడు నా దృష్టిలో స్టార్ అంటే గడువు: ఈ పాట మళ్ళీ ఎన్నాళ్ళకి వినాలి అన్నది. ఆ తర్వాత అంతా భాగహారమే. ఐదు స్టార్లవి 140, గడువు 7 రోజులు, రోజుకి 20. నాలుగు స్టార్లవి 600, గడువు 20 రోజులు, రోజుకి 30. మూడు స్టార్లవి 1,500, గడువు 50 రోజులు, మళ్ళీ 30. మిగిలిన 20 చోట్లూ ఇంకా స్టార్లు ఇవ్వని పాటలకి. మొత్తం సరిగ్గా వంద. 2004లో ఐట్యూన్స్‌లో స్టార్లు ఎక్కువున్న పాటల్ని ఎక్కువసార్లు వేయమనే టిక్ ఒకటి వచ్చింది. అందులో "ఎక్కువ" అంటే ఎంతో మనం చెప్పలేం. గడువు పెట్టుకుంటే చెప్పగలం. ఇది కుదిరిన వారం దుకాణంలో ఆ పాత మాట ఒక్కసారీ వినపడలేదు. కాగితం మీద లెక్కేసుకున్నది చెవికి తెలియడం ఎంత బాగుంటుందో!

ఆ ఊపులో, ఒకసారి పెట్టేస్తే ఇక చెయ్యి వెయ్యక్కర్లేదని తెలిసినవాళ్ళందరికీ చెప్పాను. ఆ మాట ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేను. మనసు బాగున్న రోజున ప్రతి పాటకీ ఐదు ఇచ్చేస్తాం. ఏడాది తిరిగేసరికి నా 140 కాస్తా 280 అయ్యాయి. అంటే రోజుకి 40, మూడు స్టార్లవాటి చోటు అవే తినేశాయి. ఒక ఆదివారం కూర్చుని సగం పాటలకి స్టార్లు తగ్గించాను. ఆర్నెల్లకోసారి ఈ పని తప్పదు.

అసలు దెబ్బ నిరుడు దసరా ముందు తగిలింది. మా ఊరి పైడితల్లమ్మ సిరిమాను జాతర దసరా తర్వాతి మంగళవారం. అప్పటికి జాకెట్లు అందాలి కాబట్టి మాకు ఊపిరాడదు. హెమ్మింగ్, హుక్కులు చూసే అప్ప కంప్యూటర్ పక్కనే కూర్చుంటుంది. పొద్దున్నే ఒక పాత సుశీల గారి పాట మొదలయ్యేది. పల్లవి ఎత్తుకోగానే అప్ప సూది జాకెట్టుకి గుచ్చి, చెయ్యి చాపి తర్వాతి పాటకి నొక్కేసేది. మర్నాడు పొద్దున్న మళ్ళీ అదే పాట. మళ్ళీ సూది గుచ్చడం, మళ్ళీ నొక్కడం. నేను కటింగ్‌లో ఉండి పట్టించుకోలేదు.

ఒక రాత్రి జాబితా తెరిచి చూస్తే ఆ పాట పక్కన "మోగినది 6, దాటేసినది 11" అని ఉంది. తప్పెక్కడో అప్పుడు తెలిసింది. నా జాబితా చాలాకాలంగా మోగనిదాన్ని ముందు వేస్తుంది. మధ్యలో దాటేసిన పాట మోగినట్టు లెక్క కాదు, తేదీ మారదు. కాబట్టి అందరికంటే పాతది ఎప్పుడూ అదే. రోజూ అదే మొదట. వద్దని పదకొండుసార్లు చెప్పిన మనిషికి నా షరతు పదకొండు రోజులు అదే వినిపించింది.

మర్నాడు అడిగాను. "ఊడుపులప్పుడు మాయమ్మ పాడీది తమ్ముడూ" అంది, హుక్కు కుడుతూనే, తలెత్తకుండా. వాళ్ళమ్మ ఆ ఎండాకాలంలోనే పోయింది. తీసేస్తానంటే "తీసీకు. ఇప్పుడు కాదు, అంతే" అంది.

ఆ పూటే రెండు మార్పులు చేశాను. గడువు దాటిన పాటల్లో పాతది ముందు అన్నది తీసేసి, ఏదైనా ఒకటి అన్నది పెట్టాను. "పక్కన" అని మామూలు జాబితా ఒకటి చేసి, అందులో ఉన్నవి రావద్దని అన్ని షరతుల్లోనూ రాశాను. అప్ప పాట అందులో ఉంది, నాలుగు స్టార్లతోనే. నేనిచ్చిన స్టార్లు నా ఒక్కడి చెవివి, వినేవాళ్ళం ఐదుగురం. ఈ సంగతి ముందే తట్టాల్సింది.

ఇది అందరికీ పనికొస్తుందని చెప్పలేను. పాటలు సొంత ఫైళ్ళుగా ఉండి, రోజంతా మోగే చోటు కాబట్టి నాకు కుదిరింది. ఇయర్‌ఫోన్‌లో గంటసేపు వినేవాళ్ళకి, ఐదారొందల పాటలు ఉన్నవాళ్ళకి మామూలు షఫుల్ చాలు. పెట్టుకునేవాళ్ళు మాత్రం రేటింగ్ ఫైల్లోకే రాసే ఎంపిక ఉంటే మొదటిరోజే టిక్ పెట్టండి. లేకపోతే అది ప్లేయర్ సొంత జాబితాలోనే ఉండిపోతుంది. విండోస్ మళ్ళీ వేయించిన రోజున, ముందే దాన్ని కాపీ చేసుకోకపోతే, పోతుంది.

"పక్కన" జాబితా వారానికోసారి తెరిచి చూస్తున్నాను. కార్తీకంలో ఒక సాయంత్రం, కుర్రాళ్ళు వెళ్ళిపోయాక, అప్ప తనే అడిగి ఆ పాట వేయించుకుంది. మధ్యలో కరెంటు పోయింది. వచ్చాక మళ్ళీ మొదట్నుంచి వేశాను.