రొయ్యల గుంటల దగ్గర నుంచి ఆన్‌లైన్ థెరపీ: రెండేళ్లు దాటాక నా సమీక్ష

మాది నెల్లూరు జిల్లా అల్లూరు మండలం. రొయ్యల గుంటల మీద టెక్నీషియన్‌గా చేస్తాను. ట్రామా, అంటే పెద్ద దెబ్బ తిన్నాక మనసులో, ఒంట్లో మిగిలిపోయే గాయం మీద పనిచేసే ఒక థెరపిస్టు దగ్గర ఆన్‌లైన్ సెషన్లు తీసుకోవడం మొదలుపెట్టి రెండేళ్లు దాటింది. ఆమె ఉండేది బెంగళూరులో. ఇప్పటిదాకా నేరుగా కలవలేదు. ఆమె పద్ధతిలో మాటలు తక్కువ, ఒంటితో చేసే పని ఎక్కువ, మధ్యమధ్యలో బొమ్మలు గీయడం. డబ్బు పెట్టదగ్గదేనా అని అడిగితే, నాకైతే పెట్టదగ్గదే. అందరికీ అని మాత్రం అనలేను.

ఎందుకు అవసరమైందో క్లుప్తంగా చెప్తాను. కొడవలూరు దగ్గర హైవే మీద రాత్రిపూట యాక్సిడెంట్ అయింది. బండి నా స్నేహితుడు నడుపుతున్నాడు, నేను వెనక కూర్చున్నాను. వాడు పోయాడు. నాకు భుజం ఎముక విరిగింది, ఎడమ చెవి వినికిడి బాగా తగ్గింది. ఇంతకుమించి ఇక్కడ రాయను. థెరపీలో కూడా ఆ రాత్రి కథ మొదటినుంచి చివరిదాకా ఒక్కసారి కూడా చెప్పలేదు. చెప్పకుండానే నయం కావడం మొదలైంది. ఈ పద్ధతిలో నాకు అన్నిటికంటే నచ్చింది అదే.

ఎముక అతుక్కుంది. అయినా కారులో పక్క సీట్లో కూర్చుంటే అక్కడ లేని బ్రేకును నా కుడికాలు తొక్కేది. లారీ ఎయిర్ బ్రేకు బుస్సుమంటే గొంతు పట్టేసేది. స్కానింగులన్నీ బాగానే ఉన్నాయన్నారు. అమ్మ ఏ.ఎస్.పేట దర్గాకి తీసుకెళ్లింది. మా జిల్లాలో మనసు బాగాలేని వాళ్లని కులం, మతం చూడకుండా అక్కడికి తీసుకెళ్తారు. దాన్ని నేను తీసిపారేయను. అక్కడ పడుకున్న రాత్రి నన్నెవరూ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు, ఆ మేరకు హాయిగా ఉండింది. ఆ తర్వాత ఒక కౌన్సెలింగ్ యాప్‌లో చేరాను. మొదటి కాల్‌లోనే "ఆరోజు ఏం జరిగిందో వివరంగా చెప్పండి" అన్నారు. చెప్పాను. ఆ వారమంతా సరిగా నిద్ర లేదు. తర్వాతి కాల్‌కి వేరే మనిషి వచ్చి మళ్లీ అదే ప్రశ్న వేశారు. కట్టిన డబ్బు పోతే పోయిందని వదిలేశాను.

ఇప్పటి థెరపిస్టు గురించి చెప్పింది మా పిన్ని కొడుకు. వాడు ప్రేమించేది ఇంకో అబ్బాయిని. ఇంట్లో తెలిసినప్పుడు ఒక డాక్టరు "మందులతో మార్చేయొచ్చు" అని వాళ్ల అమ్మానాన్నలకు చెప్పాడు. అలా మారుస్తామనడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని డాక్టర్లకు నియమాలు పెట్టే నేషనల్ మెడికల్ కమిషన్ 2022లో రాష్ట్రాల మెడికల్ కౌన్సిళ్లకు రాసింది. వాడి సంగతి అంతకంటే ముందుది. "అన్నా, ఈమె దగ్గర మనం ఎవరమో ముందు రుజువు చేసుకోనక్కర్లేదు" అన్నాడు. చేరేటప్పుడు నింపే ఫారంలోనే అది కనిపించింది. ఏ పేరుతో పిలవాలి, ఆడా మగా అన్నది మీ మాటల్లో రాయండి, ఏ భాషలో తేలిక, చూపుకి గానీ వినికిడికి గానీ సాయం కావాలా అని అడిగారు. నేను చెవి సంగతి రాశాను. అప్పటి నుంచి ముఖ్యమైన మాట ఏదైనా చాట్‌లో టైప్ కూడా చేస్తారు. మీటింగ్ యాప్ తనంతట తాను వేసే తెలుగు అక్షరాలను మాత్రం నమ్ముకోకండి. మా మాటలకు అవి వేసే అర్థాలు చూసి ఇద్దరం నవ్వుకున్న రోజులున్నాయి.

మొదటి సెషన్లో యాక్సిడెంట్ ఊసే రాలేదు. నెట్ పోతే మామూలు ఫోన్ చేయాలా వద్దా, దగ్గర్లో ఏ ఆస్పత్రి ఉంది, అవసరమైతే ఎవరికి చెప్పాలి, ఇవన్నీ రాసుకున్నారు. చెయ్యి పైకెత్తితే అక్కడికి ఆపేయాలి, కారణం చెప్పనక్కర్లేదు అని ఒప్పందం చేసుకున్నాం. కెమెరాను ముఖానికి దగ్గరగా కాకుండా చేతులు, భుజాలు కనిపించేంత దూరంలో పెట్టమన్నారు. నా బొమ్మ నాకే కనిపిస్తుంటే ఇబ్బందిగా ఉందంటే దాన్ని దాచేయడం నేర్పించారు. చిన్న విషయమే గానీ నాకు సగం టెన్షన్ దానితోనే పోయింది.

అసలు పని చాలా నెమ్మది. పాదాలు నేలకు ఎక్కడెక్కడ ఆనుతున్నాయో చూసుకోవడం, మెడ తిప్పుతూ గదిలో ఉన్నవన్నీ తీరిగ్గా చూడటం, అరచేతుల్తో గోడను నెట్టడం. ఇదేం వైద్యం అనుకున్నాను మొదట్లో. మా ఆవిడైతే "ఏందయ్యా, గోడ పడిపోతుందని పట్టుకున్నావా?" అంది. కొన్ని వారాల తర్వాత ఆ కుడికాలి దగ్గరికి వచ్చాం. లేని బ్రేకును కావాలనే తొక్కమన్నారు, అదీ చాలా నిదానంగా. కొంచెం తొక్కడం, ఆపడం, కిటికీ బయటికి చూడటం, ఊపిరి పొడుగ్గా వదలడం, మళ్లీ ఇంకాస్త తొక్కడం. ఒకసారి తొడ కండరం దానంతటదే వణికింది. భయపడి చెయ్యెత్తాను. వెంటనే ఆపేశారు. తర్వాతి వారం నేనే మళ్లీ చేద్దామన్నాను. అలా చేస్తూ చేస్తూ ఉండగా కారులో ఆ కాలు ఊరికే ఉండటం మొదలైంది. ఎప్పటి నుంచో కచ్చితంగా చెప్పలేను, కావలి వెళ్లి వచ్చాక ఇంటి దగ్గర దిగుతుంటే గమనించాను.

ఈ పద్ధతికి మూలం పీటర్ లెవీన్ అనే అమెరికన్ చెప్పిన సొమాటిక్ ఎక్స్‌పీరియన్సింగ్. ప్రమాదంలో ఒళ్లు చేయబోయి చేయలేకపోయిన కదలిక లోపలే ఉండిపోతుందని, దాన్ని కొద్దికొద్దిగా పూర్తి కానివ్వాలని ఆయన ఆలోచన. నాకు పనిచేసింది కదా అని దీన్ని గొప్ప శాస్త్రంగా ప్రచారం చేయను. దీని మీద జరిగిన పరిశోధనలు తక్కువ, చిన్నవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013 మార్గదర్శకాల్లో పెద్దవాళ్ల పీటీఎస్‌డీకి, అంటే ట్రామా తర్వాత వదలకుండా పట్టుకునే మానసిక సమస్యకి, చెప్పినవాటిలో ట్రామా మీద నడిచే సీబీటీ (ఆలోచనల్ని, అలవాట్లని మార్చుకునే థెరపీ), కళ్లు అటూ ఇటూ తిప్పుతూ చేసే ఈఎండీఆర్ ఉన్నాయి. మా థెరపిస్టు కూడా ఇది దాచలేదు. "మీకు అవి కావాలంటే చేసేవాళ్ల దగ్గరికి పంపిస్తాను" అన్నారు. ఊపిరి పొడుగ్గా వదిలితే గుండె వేగం తగ్గుతుందన్నది మాత్రం అందరూ ఒప్పుకునేదే. మెదడు నుంచి గుండె, పొట్ట దాకా వెళ్లే వేగస్ నరం గురించి స్టీఫెన్ పోర్జెస్ అనే అమెరికన్ శాస్త్రవేత్త చెప్పిన పాలీవేగల్ సిద్ధాంతాన్ని ఆమె అప్పుడప్పుడు తెస్తారు. దాని మీద శాస్త్రవేత్తల్లోనే తగాదా ఉంది. నాకు ఊపిరి చాలు, సిద్ధాంతం లేకపోయినా ఫరవాలేదు.

బొమ్మల విషయంలో నా అభిప్రాయం సగం సగం. మనిషి ఆకారం గీసి, ఎక్కడ బిగుసుకుందో అక్కడ రంగు వేయమంటారు. పాప క్రేయాన్లు అడుక్కుని వేశాను. నోటితో చెప్పలేనిది కాగితం మీద కనిపించిన మాట నిజం. రంగు ఎప్పుడూ ఎడమ భుజం దగ్గరే పడేది. బాగా పనికొచ్చింది ఇంకొకటి. యాక్సిడెంట్ జరిగిన చోటును గుంటల లేఅవుట్ గీసినట్టు పైనుంచి గీయమన్నారు. గట్లు, తూములు, నీళ్లకు గాలి అందించే ఏరేటర్లు ఎక్కడున్నాయో కాగితం మీద పెట్టడం నా రోజువారీ పని. రోడ్డును కూడా అలాగే గీశాను, మలుపు, డివైడరు, టీ బంకు. దూరం నుంచి చూస్తున్నట్టుండి చెయ్యి వణకలేదు. పాటకి ఒళ్లు కదిలించడం మాత్రం నావల్ల కాలేదు. షెడ్డులో ఫీడ్ బస్తాల మధ్య నేను చేతులూపుతుంటే కుర్రాళ్లు కిటికీలోంచి చూశారు. ఇక వద్దన్నాను, ఆమె మళ్లీ ఎత్తలేదు.

ఆమెకు మన వైపు బతుకు పూర్తిగా తెలియదు. మనసు కుదుటపడటానికి ప్రశాంతమైన చోటు ఊహించుకోమని "సముద్రం ఒడ్డు ఎలా ఉంటుంది?" అన్నారోసారి. మేడం, సముద్రం పక్కనుండే వాడికి గుర్తొచ్చేది కరెంటు పోయి ఏరేటర్లు ఆగిన రాత్రి, రొయ్యలకు తెల్లమచ్చల రోగం వచ్చి ఖాళీ చేసిన గుంట! అలా చెప్తే నొచ్చుకోలేదు. నీకెక్కడ బాగుంటుందో నువ్వే చెప్పమన్నారు. ఉలవపాడులో అమ్మమ్మ వాళ్ల మామిడితోట ఎంచుకున్నాను.

ఆన్‌లైన్‌తో అసలు ఇబ్బంది ఏకాంతం. రెండు గదుల ఇంట్లో తలుపేసుకుంటే అందరికీ అనుమానం. నేను గుంటల దగ్గర షెడ్డులో, మేత వేశాక దొరికే సమయంలో కూర్చుంటాను. ఏరేటర్ల మోత వల్ల బయటివాళ్లకు మాటలు వినిపించవు, అది లాభం. నాకూ వినిపించవు, అది నష్టం. రెండు చెవులనూ మూసే హెడ్‌ఫోన్ కొన్నాక ఒక దారికి వచ్చింది. ఆడవాళ్లకు ఈ షెడ్డు వెసులుబాటు కూడా ఉండదు, వాళ్లు ముందే ఆలోచించుకోవాలి.

ఫీజు సెషన్‌కి 1200. పంట పోయినప్పుడు అడిగితే 800 చేశారు, ఆధారాలేమీ అడగలేదు. ముందురోజు చెప్పకుండా మానేస్తే పూర్తి ఫీజు కట్టాలి. కరెంటు, నెట్ రెండూ పోయిన రోజు కూడా కట్టమంటే కాస్త వాదించాను, సగానికి ఒప్పుకున్నారు. చేరేముందు ఈ సంగతి, చదువు, రిజిస్ట్రేషన్ అడగండి. క్లినికల్ సైకాలజిస్టులకు ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉంటుంది. థెరపిస్టు, కౌన్సెలర్ అని మాత్రం ఎవరుబడితే వాళ్లు బోర్డు పెట్టేసుకుంటున్నారు.

ప్రాణం తీసుకోవాలనిపించే స్థితిలో ఉన్నవాళ్లకు వారానికోసారి వచ్చే ఈ వీడియో కాల్ సరిపోదు. 14416కి, అంటే మానసిక సాయం కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్‌కి ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఆస్పత్రికి వెళ్లండి. నేను కూడా మొదటి ఆరు నెలలు నెల్లూరులో సైకియాట్రిస్టు ఇచ్చిన నిద్రమాత్రలు వాడుతూనే ఇది చేశాను. థెరపిస్టు మందులు రాయరు, రాయకూడదు కూడా.

ఇప్పుడు నెలకోసారే చేస్తున్నాను. కొడవలూరు మీదుగా కారులో, బస్సులో వెళ్తున్నాను. బండి వెనక కూర్చోవడం ఇంకా రాలేదు. ప్రస్తుతం దాని మీదే పని నడుస్తోంది, ఆగి ఉన్న బండి మీద, ఇంటి ముందు, మా బావమరిది ముందు కూర్చుని హ్యాండిల్ పట్టుకుంటే.