ఎపిడెమిక్ కాలిక్యులేటర్: బాగా చూపేది ఏమిటి, చూపలేనిది ఏమిటి

అంటువ్యాధి ఎలా వ్యాపిస్తుందో రేఖాచిత్రంగా చూపే వెబ్ పేజీ ఎపిడెమిక్ కాలిక్యులేటర్. గేబ్రియల్ గో 2020లో రూపొందించి ఉచితంగా అందుబాటులో ఉంచిన దీన్ని విజయనగరంలో డిగ్రీ విద్యార్థులకు గణితం చెప్పేటప్పుడు వాడుతున్నాను. అంటువ్యాధి జోరును తగ్గించే చర్యల ఫలితాన్ని కళ్లకు కట్టినట్టు చూపడంలో ఇంత సూటిగా ఉన్న సాధనం నాకు మరొకటి తారసపడలేదు.

జనాభాను అది నాలుగు వర్గాలుగా విడదీస్తుంది: వ్యాధి సోకే అవకాశం ఉన్నవారు, సోకినా ఇంకా ఇతరులకు అంటించని దశలో ఉన్నవారు, అంటించే దశలో ఉన్నవారు, ఆ దశ దాటినవారు. ఈ పద్ధతికి మూలమైన 1927 నాటి పత్రంలో కెర్మాక్, మెక్‌కెండ్రిక్ అనే శాస్త్రవేత్తలు తమ సమీకరణాన్ని 1905-06 నాటి బొంబాయి ప్లేగు మరణాల లెక్కలతో సరిచూశారు. ఆ సంగతి చెప్పగానే వెనక బెంచీల్లో ఉన్నవారు కూడా తలెత్తి వింటారు.

దీనిలో అసలైన బలం, చర్య మొదలయ్యే రోజును సూచించే నిలువు గీత. దాన్ని మౌస్‌తో పట్టుకుని అటూ ఇటూ జరపవచ్చు. ఒక్కో రోగి సగటున 2.2 మందికి అంటిస్తాడని, పొదుగు కాలం (సోకాక అంటించే దశకు చేరేలోపు గడిచే కాలం) 5.2 రోజులని, అంటించే కాలం 2.9 రోజులని పెడితే, తొలి దశలో రోగుల సంఖ్య సుమారు ఆరు రోజులకోసారి రెట్టింపవుతుంది. అంటే నిర్ణయం 12 రోజులు ఆలస్యమైతే, అదే చర్యను దాదాపు నాలుగు రెట్ల మంది రోగులతో మొదలుపెట్టవలసి వస్తుంది. వ్యాప్తిని 55 శాతం తగ్గిస్తే ఒక రోగి నుంచి సగటున ఒక్కరికే సోకే స్థితి వస్తుందని, అంతకు మించి తగ్గిస్తేనే రోగుల సంఖ్యను చూపే రేఖ కిందికి వంగుతుందని కూడా స్పష్టంగా కనిపిస్తుంది. బోర్డు మీద గంటసేపు వివరించినా బోధపడని విషయం, విద్యార్థి తన చేత్తో ఆ గీతను జరిపిన మరుక్షణం అర్థమవుతుంది.

అయితే మన జిల్లాలకు దీన్ని ఉన్నదున్నట్టుగా వర్తింపజేయకూడదు. జనాభాను 2011 జనగణన ప్రకారం అప్పటి విజయనగరం జిల్లాకున్న సుమారు 23 లక్షల 44 వేలకు దగ్గరగా మార్చవచ్చు గానీ, ఆ జనమంతా ఒకరితో ఒకరు సమానంగా కలుస్తారనీ, బయటి నుంచి ఎవరూ రారనీ అది భావిస్తుంది. పైడితల్లి సిరిమానోత్సవం నాడు మూడు లాంతర్ల కూడలిలో కిక్కిరిసే జనానికీ, ఏజెన్సీలోని ఒక చిన్న గిరిజన గూడేనికీ దాని దృష్టిలో తేడా లేదు. వలసల విషయంలో ఈ లోపం ఇంకా పెద్దది. 2020 ఏప్రిల్ నెలాఖరు వరకు విజయనగరం జిల్లాలో ఒక్క కొవిడ్ కేసూ నమోదు కాలేదు. గుజరాత్‌లోని వేరావల్‌లో చిక్కుకుపోయిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు మే మొదట్లో బస్సుల్లో తిరిగి వచ్చారు. అలా వచ్చినవారిని కొన్నాళ్లు క్వారంటైన్‌లో ఉంచితే ఎంత మేలు జరుగుతుందో లెక్కించే వీలు ఇందులో లేదు. శ్రీకాకుళం, విజయనగరం వంటి వలస జిల్లాలకు అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న అదే.

మరొక లోటు, యాదృచ్ఛికతకు ఇందులో చోటు లేకపోవడం. ఒక్క రోగితో మొదలైన వ్యాధి ఊళ్లో దానంతటదే ఆగిపోనూవచ్చు, ఒక పెళ్లిలో పదిమందికి అంటనూవచ్చు. ఇది మాత్రం ప్రతిసారీ ఒకే నునుపైన రేఖను గీస్తుంది. భాష ఇంగ్లిషు కావడం మన పిల్లలకు మొదట్లో కొంత ఇబ్బంది.

ఇంటర్, డిగ్రీ స్థాయిలో గణితం, జీవశాస్త్రం బోధించేవారందరూ దీన్ని తప్పక వాడాలని కోరుతున్నాను. ముందుగా రోజుకు ఇద్దరు రోగులు బయటి నుంచి వస్తున్నట్టు ఒక చిన్న లెక్కను విద్యార్థుల చేత కాగితం మీద చేయించి, ఆ తరువాతే తెర ముందుకు తీసుకువెళ్లడం మంచిది.