నల్ల కారుకి ఏ వాక్స్ మేలు? కార్నూబా, సీలెంట్, సెరామిక్ స్ప్రే

నల్ల కారుని నీడలో చూసి వాక్స్‌కి మార్కులు వేయకూడదు. నీడలో, అందులోనూ కడిగిన అరగంటకి, ఏది రాసినా అద్దంలాగే ఉంటుంది. పొద్దున తొమ్మిదింటి ఎండలో బానెట్ మీద సూర్యుడి ప్రతిబింబం పడే చోట చూడాలి. దాని చుట్టూ సాలెగూడులా సన్నటి గీతలు గుండ్రంగా తేలితే, డబ్బా కొనే ముందు తేల్చుకోవాల్సింది వాటి సంగతే.

తెల్ల కారు మీదా ఇవే గీతలుంటాయి, కనపడవంతే. గీత అంచున పడిన వెలుతురు చెదిరి తెల్లగా కనిపిస్తుంది. అడుగున తెలుపే ఉంటే అందులో కలిసిపోతుంది, నలుపుంటే ముగ్గు గీతలా లేస్తుంది. రంగు మీదుండే పారదర్శక పొర, అంటే క్లియర్ కోట్, మందం సుమారు 40 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), సాలెగూడు గీతల లోతు కొద్ది మైక్రాన్లు, వాక్స్ పొర ఒక్క మైక్రాన్ కూడా ఉండదు. కాబట్టి ఎంత ఖరీదైన వాక్స్ అయినా గీతని పూడ్చలేదు. పూత మీద పూత వేసినా అంతే. రెండో పూత మొదటిసారి తప్పిపోయిన చోట్లని కప్పడానికి పనికొస్తుంది, మూడోది గుడ్డకే పోతుంది.

గీతలు పోవాలంటే పాలిష్ చేయాలి. పాలిష్ వేరు, వాక్స్ వేరు: పాలిష్ క్లియర్ కోట్‌ని కాస్త అరగదీసి చదును చేస్తుంది, వాక్స్ చదునైన దాని మీద కప్పు. నలుపుకి డ్యూయల్ యాక్షన్ మెషిన్ (ప్యాడ్ తిరుగుతూనే అటూఇటూ ఊగే రకం), మెత్తటి ఫోమ్ ప్యాడ్, ఫినిషింగ్ పాలిష్ (చాలా సన్నగా అరగదీసే రకం) చాలు. రోడ్డు పక్క రోటరీ మెషిన్‌కి (ఒకే ఇరుసు మీద గిరగిర తిరిగేది) ఉన్ని ప్యాడ్ తగిలించి కొట్టే 'రబ్బింగ్' నల్ల కారుకి పడదు. ఆ రోజు మెరుస్తుంది, వారం తర్వాత ఎండలో చూస్తే మెషిన్ తిరిగిన దారంతా పొగచారల్లా కనపడుతుంది. గోరు పెడితే తగిలే గీతని మాత్రం పాలిష్‌తో తీయాలని చూడొద్దు. అది టచప్ పని, అంటే ఆ చోట రంగు అద్దాలి.

ఇక మూడు రకాలకి వద్దాం.

కార్నూబా అనేది బ్రెజిల్ ఈశాన్య ప్రాంతంలో పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకుల మీద పట్టే మైనం. కరిగేది 82 నుంచి 86 డిగ్రీల సెల్సియస్ దగ్గర. అందుకే 'ఎండకి తట్టుకుంటుంది' అని అమ్ముతారు. అసలు కార్నూబా పెంకులా గట్టిగా ఉంటుంది, చేత్తో రాయలేం. అందుకని డబ్బాలో తేనెమైనం, నూనెలు, ద్రావకాలు కలుపుతారు. తేనెమైనం 62–65 డిగ్రీలకే కరుగుతుంది. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో మిట్టమధ్యాహ్నం ఎండలో నిలిపిన నల్ల బానెట్ 70 డిగ్రీలు దాటగలదు. తెల్ల కారు మీద రెండు మూడు నెలలు నిలిచే డబ్బా మైనం నల్ల కారు మీద వేసవిలో నాలుగైదు వారాలకే చేతులెత్తేసేది ఇందుకే. డబ్బా మీద '100 శాతం కార్నూబా' అని ఉంటే, అందులో ఉన్న మైనం మొత్తం కార్నూబా అని అర్థం, డబ్బా మొత్తం కార్నూబా అని కాదు. చూడ్డానికి మాత్రం దీన్ని కొట్టేది లేదు. మెటాలిక్ తళుకు లేని అచ్చ నలుపు మీద కార్నూబా తడి ఆరని నల్లరాయిలా నిండుగా ఉంటుంది.

సీలెంట్ అంటే ప్రయోగశాలలో తయారైన పాలిమర్. క్లియర్ కోట్‌ని గట్టిగా పట్టుకుంటుంది, మన ఎండల్లో కూడా మూడు నాలుగు నెలలు ఉంటుంది. దీని మెరుపు నిండుగా కాక పదునుగా, గాజులా ఉంటుంది. నలుపులో మెటాలిక్, పెర్ల్ తళుకులున్న కారుకి ఇదే నప్పుతుంది, తళుకులు విడివిడిగా లేస్తాయి. మెగ్వయర్స్ అల్టిమేట్ లిక్విడ్ వాక్స్ పేరుకి వాక్స్ గానీ ఈ జాతిదే. కాలినైట్ 845 లాంటివి కార్నూబా, పాలిమర్ కలిసిన మధ్యరకం. చలికాలం ఆ సీసాలో మందు గడ్డకడితే గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచి బాగా గిలక్కొట్టి వాడాలి.

సెరామిక్ స్ప్రేలో సిలికా, సిలికోన్ రెజిన్లు ఉంటాయి. షాపుల్లో వేల రూపాయలకి వేసే సెరామిక్ కోటింగ్ ఇది కాదు. అది చిన్న గాజు సీసాలో వస్తుంది, రెండు మూడేళ్లు ఉంటుందంటారు, సరిగ్గా వేయకపోతే పాలిష్ పెట్టి గీకితే తప్ప పోదు. స్ప్రే అంత మొండిది కాదు. రాయడం తేలిక, ఇరవై నిమిషాల్లో కారంతా అయిపోతుంది, నీళ్లు ముత్యాల్లా నిలబడతాయి.

ఆ ముత్యాల దగ్గరే నల్ల కారుకి చిక్కొస్తుంది. నీటి బొట్టు ఎంత గుండ్రంగా నిలబడితే వాక్స్ అంత గొప్పదని అందరూ అనుకుంటారు. వర్షపు నీళ్లకి అది నిజమే కావచ్చు. బోరు నీళ్లు వేరు. వాటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలుంటాయి. పల్చగా పరుచుకున్న నీరు జారిపోతుంది. గుండ్రంగా నిలబడిన బొట్టు అక్కడే ఆరుతుంది, లోపలి లవణమంతా ఒక ఉంగరంలా అంచున పేరుకుంటుంది. నల్ల బానెట్ వేడికి బొట్టు ఆరడానికి రెండు నిమిషాలు పట్టదు. ఆ తెల్ల ఉంగరాన్ని అలాగే ఎండలో నాలుగు రోజులు వదిలేస్తే క్లియర్ కోట్‌ని కొరుకుతుంది, తుడిచినా మచ్చ మిగులుతుంది. అపార్ట్‌మెంట్ బోరు నీళ్లతో కడిగి, ఎండలో నిలిపే నల్ల కారుకి ముత్యాలు కట్టే స్ప్రే ఒక్కటే దిక్కనుకుంటే మచ్చల్ని పిలిచి పీట వేసినట్టే.

ఇంట్లో ఆర్‌ఓ ఫిల్టర్ చూసేవాళ్ల దగ్గరుండే టీడీఎస్ మీటర్‌ని (నీళ్లలో కరిగిన లవణాలని పీపీఎమ్‌లలో చూపేది) మీ బకెట్లో ముంచి చూడండి. 150 లోపుంటే స్ప్రే నిర్భయంగా వాడుకోవచ్చు. 500 దాటితే ఏ వాక్స్ రాసినా చివర్లో ఆ నీళ్లు కారు మీద ఆరనివ్వకూడదు. ఏసీ పైపు నుంచి కారే నీళ్లు ఇక్కడ బంగారం: గాలిలోని తేమ చల్లబడి దిగిన నీరు కాబట్టి లవణాలు ఉండవు. నాలుగైదు లీటర్లు పట్టి, పల్చటి గుడ్డలో వడకట్టి, చివరి విడత పైనుంచి పోస్తే సగం మచ్చల బాధ తీరుతుంది. ఆర్‌ఓ వదిలేసే వృథా నీళ్లు మాత్రం వద్దు, వాటిలో లవణాలు ఇంకా చిక్కగా ఉంటాయి.

తాజా మచ్చకి తెల్ల వెనిగర్, ఏసీ నీళ్లు సమపాళ్లలో కలిపి, గుడ్డ తడిపి మచ్చ మీద ఒక నిమిషం పరిచి, మంచి నీళ్లతో కడిగేయాలి. ఇది నీడలో, బానెట్ చల్లగా ఉన్నప్పుడు చేసే పని. వాక్స్ కూడా కాస్త పోతుంది కాబట్టి ఆ చోట మళ్లీ రాయాలి.

ఇంతకీ ఏది కొనాలి? ఆఫీసు ముందు ఎండలో నిలిపి, బోరు నీళ్లతో కడిగే కారుకి సీలెంట్. ఇందులో తర్కం పెద్దగా అక్కర్లేదు. అయితే నీటిని ముత్యాలుగా నిలబెట్టే రకం కంటే పరదాలా జార్చేసే రకం చూసుకోండి. షెడ్డులో ఉండి, పండక్కీ పెళ్లికీ బయటికొచ్చే కారుకి, నెలకో ఆదివారం దాని మీద గడపడం ఇష్టమైన వాళ్లకి కార్నూబా. స్ప్రేని సీలెంట్ మీద నెలకోసారి బలం మాత్రలా వాడితే దాని విలువ దానికుంటుంది. రెండు రకాలూ కావాలంటే సీలెంట్ ముందు, మర్నాడు దాని మీద కార్నూబా. తారుమారు చేస్తే సీలెంట్ మైనం మీద పట్టదు, మొదటి రెండు కడుగుళ్లకే పోతుంది.

నల్ల రంగు కలిపిన వాక్స్‌ల గురించి ఒక్క మాట. గీతల్లో నల్ల రంగు, నూనెలు ఇరికి కొద్దిరోజులు కప్పుతాయి, కడిగే కొద్దీ మళ్లీ తేలతాయి. కారు అమ్మే రోజుకి సరిపోతాయి. 'క్లీనర్ వాక్స్' అన్నదానిలో సన్నటి రాపిడి పొడి ఉంటుంది, నెలనెలా వాడితే క్లియర్ కోట్ అరుగుతుంది.

రాసే పద్ధతికి వస్తే, బానెట్ మీద అరచేయి పెడితే చల్లగా తగలాలి. ముందు షాంపూతో రెండు బకెట్ల కడుగుడు, ఒకటి షాంపూకి, ఒకటి గుడ్డ జాడించడానికి. పాత వాక్స్ పోవాలనుకున్న ఒక్కరోజుకి గిన్నెలు తోమే లిక్విడ్ వాడొచ్చు, రోజువారీగా వద్దు. ఆరాక పల్చటి ప్లాస్టిక్ కవర్‌లో చేయి పెట్టి రంగు మీద తడమండి. ఇసుకలా గరగరలాడితే క్లే బార్ (రంగుకి అంటుకున్న మురికిని లాగేసే మెత్తటి బంకముద్ద) కావాలి: 50 గ్రాముల ముక్క, షాంపూ నీళ్లు బాగా చల్లి, నొక్కకుండా తిన్నగా జార్చాలి. ముక్క కింద పడితే పారేయడమే, దులిపి వాడితే ఇసుకతో తోమినట్టే. పాలిష్ చేసి ఉంటే 10–15 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపిన నీళ్లతో నూనె తుడిచేయాలి, లేకపోతే సీలెంట్ పట్టదు.

సీలెంట్‌ని ఫోమ్ ప్యాడ్ మీద రూపాయి బిళ్లంత వేసుకుని, రెండడుగుల చదరం చొప్పున, గుండ్రంగా కాకుండా కారు పొడవునా తిన్నగా రాయండి. ప్యాడ్‌లో ఒక్క ఇసుక రేణువు ఉన్నా తిన్నటి గీత కొన్ని కోణాల నుంచే కనపడుతుంది, గుండ్రటిది ఎటు చూసినా కనపడుతుంది. పూత ఆవిరి పట్టిన అద్దంలా లీలగా ఉండాలి. సెడాన్ మొత్తానికి 20–25 మిల్లీలీటర్లు మించితే ఎక్కువైనట్టే. పది నిమిషాలాగి వేలితో ఒక గీత గీయండి. కింద శుభ్రమైన నలుపు కనిపిస్తే తుడవొచ్చు, జిడ్డుగా అలుక్కుంటే ఇంకా ఆగాలి. తుడవడానికి 350 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకి 350 గ్రాముల బరువు) మైక్రోఫైబర్ గుడ్డలు రెండు: ఒకటి ఎత్తడానికి, ఒకటి ఆఖరి మెరుపుకి. ఆ రాత్రంతా తడి తగలకూడదు. డబ్బా కార్నూబాకి ప్యాడ్‌ని డబ్బాలో పావు చుట్టు తిప్పితే ఒక డోర్‌కి చాలు.

స్ప్రేని నేరుగా రంగు మీద కొట్టకండి. గుడ్డ మీద రెండు పిచికారీలు, సగం బానెట్ రాసి, వెంటనే పొడిగుడ్డ. ఫోన్ టార్చ్‌ని బానెట్‌కి దగ్గరగా ఏటవాలుగా పట్టి చూస్తే ఎక్కడైనా ఇంద్రధనుస్సు రంగుల చార మిగిలి ఉంటే తెలుస్తుంది. తెల్లారేదాకా వదిలితే గట్టిపడుతుంది. అప్పుడు దాని మీదే మళ్లీ ఒక పిచికారీ వేసి ఆరకముందే తుడిస్తే చాలావరకు కరిగి వచ్చేస్తుంది, రాకపోతే ఫినిషింగ్ పాలిష్.

ఈ మధ్యే డెంటింగ్, పెయింటింగ్ చేయించిన ప్యానెల్ ఉంటే దాన్ని కనీసం రెండు నెలలు వదిలేయండి, లోపలి ద్రావకం బయటికి పోవాలి. ఫ్యాక్టరీ పెయింట్‌కి ఆ బెంగ లేదు, అది బట్టీలో ఆరింది.

వేసిన వాక్స్‌ని త్వరగా చంపేది ఎండ కన్నా పొద్దున్నే పొడి గుడ్డతో దుమ్ము దులిపే అలవాటు. వాచ్‌మనో, కార్లు తుడిచే కుర్రాడో అదే బకెట్, అదే గుడ్డతో పది కార్లు తుడిచి మీ దాని దగ్గరికొస్తాడు. నల్ల కారుకి వారానికి ఒక్క కడుగుడు చాలు, మిగతా ఆరు రోజులు దుమ్ముతోనే వదిలేయమని చెప్పండి. పిట్ట రెట్ట, వేపచెట్టు కింద పడే జిగురు మాత్రం ఆ రోజే తీయాలి: తడి గుడ్డ ఐదు నిమిషాలు పరిచి నానబెట్టి, రుద్దకుండా ఎత్తేయడం. ఇక నల్ల ప్లాస్టిక్ అంచులకి అంటి తెల్లగా ఎండిన వాక్స్‌ని పాత టూత్‌బ్రష్‌తో, రాయడానికి ముందు తుడిచిన ఆ ఆల్కహాల్ నీళ్లతోనే తోమితే పోతుంది. ఈసారి మాస్కింగ్ టేప్ అతికించి మొదలుపెడితే అదీ ఉండదు.