హీరోకి ముందు జీవితం: డీ అండ్ డీ బ్యాక్‌గ్రౌండ్లతో కొన్నేళ్లు

బల్ల చుట్టూ కూర్చుని ఒక్కొక్కరూ ఒక్కో పాత్రగా మారి, పాచికలు వేస్తూ కథ నడిపే ఆట డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ). దాని ఐదో ఎడిషన్‌ని 2014 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ అనే రూల్స్ పుస్తకంతో మొదలుపెట్టి, 2024లో వచ్చిన కొత్త హ్యాండ్‌బుక్ దాకా ఆడుతూనే ఉన్నాను. కొన్నాళ్లు ఆటగాడిగా, ఎక్కువకాలం కథ నడిపే డీఎమ్ (డంజన్ మాస్టర్)గా. ఈ ఆట గురించి రాసేవాళ్లు చాలావరకు యోధుడా, మాంత్రికుడా అని హీరో రకాన్ని చెప్పే క్లాసుల గురించే రాస్తారు. ఏ ఫైటర్ ఎంత డ్యామేజ్ చేస్తాడు, ఏ విజార్డ్‌కి ఏ స్పెల్ మంచిది, ఇవే. నేను వాటి జోలికి పోను. హీరో కత్తి పట్టి బయల్దేరకముందు ఏం పని చేసుకునేవాడో చెప్పే బ్యాక్‌గ్రౌండ్ అనే భాగం ఒకటుంది, ఈ సమీక్ష దాని గురించే. నా తీర్పు ముందే చెప్పేస్తాను: రూల్స్‌గా చూస్తే కొత్త పుస్తకం పద్ధతిగా ఉంది, కానీ కథ నడిపేవాడికి పనికొచ్చేది పాత పుస్తకమే.

ఆట తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. 2014 పుస్తకంలో 13 బ్యాక్‌గ్రౌండ్లు ఉన్నాయి. గుడిలో పెరిగిన అకోలైట్, మోసగాడు షార్లటన్, నేరస్థుడు, వినోదం పంచే కళాకారుడు, ఊరి జనం నెత్తిన పెట్టుకున్న ఫోక్ హీరో, ఏకాంతంలో గడిపిన హెర్మిట్, నావికుడు, సిపాయి, వీధిలో పెరిగిన అనాథ అర్చిన్, ఇలా. ఒక్కోదానితో రెండు స్కిల్స్, కొన్ని పనిముట్లో భాషలో, కొద్దిపాటి సామాను, ఒక ప్రత్యేక ఫీచర్ వస్తాయి. వీటి కింద నాలుగు పట్టికలు: ఎనిమిది స్వభావ లక్షణాలు, ఆరు ఆదర్శాలు, ఆరు బంధాలు, ఆరు లోపాలు. నచ్చింది ఎంచుకోవచ్చు, లేదా పాచిక వేసి ఏది పడితే అది తీసుకోవచ్చు.

కొత్తగా వచ్చినవాళ్లు ఈ సామాను జాబితాని చూసీచూడనట్టు వదిలేస్తారు. నాకు మాత్రం అక్కడే ఆట మొదలవుతుంది. అర్చిన్‌కి ఇచ్చేవి చూడండి: ఒక చిన్న కత్తి, తను పెరిగిన నగరం పటం, పెంపుడు ఎలుక, అమ్మానాన్నల గుర్తుగా ఏదో ఒక వస్తువు, మామూలు బట్టలు, సంచిలో పది బంగారు నాణేలు. ఆ ఎలుక ఏ పోరాటంలోనూ అక్కరకు రాదు. అయినా మా గుంపులో అందరి చేతుల్లోకీ మాయా ఖడ్గాలు వచ్చేశాక కూడా, ఏ గుహలోంచి బయటపడినా ముందుగా ఎవరో ఒకరు "ఎలుక బతికే ఉందా?" అని అడిగేవారు. సిపాయికి హోదా చిహ్నంతో పాటు చచ్చిన శత్రువు దగ్గర తీసుకున్న గుర్తు ఒకటి ఇస్తారు. ఒక బాకు కావచ్చు, విరిగిన కత్తి ముక్క కావచ్చు, జెండా పేలిక కావచ్చు. మా ఫైటర్ జెండా పేలిక తీసుకున్నాడు. ఎవరి జెండా అని అడిగితే భుజాలెగరేసి ఊరుకున్నాడు. డీఎమ్‌కి ఇంతకంటే ఏం కావాలి? ఆ జెండా కింద అన్నని పోగొట్టుకున్న ఒకామె తర్వాత ఓ సత్రంలో వీళ్లకే అన్నం వడ్డించింది. ఆ పేలిక చూసి గుర్తుపట్టింది. ఆ రాత్రి డ్రాగన్ లేదు, యుద్ధం లేదు, ఒక్క దాడి కోసం కూడా పాచిక వెయ్యలేదు. నేను నడిపిన సెషన్లలో అంత నిశ్శబ్దంగా అందరూ కూర్చుని విన్నది మరొకటి లేదు.

లోపాల పట్టిక ఇంకా బలమైనది. క్రిమినల్ బ్యాక్‌గ్రౌండ్‌లో ఒకటుంది: నేను చేసిన నేరానికి వేరే అమాయకుడు జైల్లో ఉన్నాడు, అందుకు నాకేం బాధ లేదు. మా రోగ్‌కి (దొంగ తరహా క్లాస్) పాచిక మీద అదే పడింది. మొదట్లో అందరూ నవ్వారు. తర్వాత కథ ఆ నగరం వైపు మళ్లినప్పుడు, జైల్లో ఉన్నవాడికి ఒక కూతురుంటే ఎలా ఉంటుంది అని నాకు తోచింది. రోగ్‌ని ఆడుతున్న ఆవిడ ఆ అమ్మాయితో మాట్లాడాల్సి వచ్చినప్పుడు డీ20 (ఇరవై ముఖాల పాచిక) పట్టుకుని వెయ్యకుండా చాలాసేపు ఆగిపోయింది. ఒప్పుకోవాలా, అబద్ధమాడాలా అన్న టెన్షన్ ఏ రాక్షసుడి ముందూ రాలేదు. ఆరు వాక్యాల పట్టికలో ఒకే ఒక్క వాక్యం చేసిన పని ఇది.

మనకి ఇది కొత్తేమీ కాదు. అస్త్రవిద్యా ప్రదర్శనలో అర్జునుడికి దీటుగా నిలబడ్డ కర్ణుణ్ణి కృపుడు అడిగింది విల్లు గురించి కాదు, నీ తల్లిదండ్రులెవరు, నీ వంశమేది అని. అక్కణ్ణుంచి చివరి రోజు దాకా కర్ణుడి కథంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది. వీరుడి గతం అంటే ఆ గతం తెలిసిన మనుషులు ఎక్కడో బతికే ఉన్నారని అర్థం. వాళ్లు ఎప్పుడో ఒకప్పుడు ఎదురుపడాలి. ఎదురుపడకపోతే ఆ బ్యాక్‌గ్రౌండ్ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

ఈ లెక్కన పాత పుస్తకం ఫీచర్లలో నాకు బాగా నచ్చింది ఫోక్ హీరోది. మామూలు జనం అతన్ని తమలో ఒకడిగా కలుపుకుంటారు, దాస్తారు, వెతుక్కుంటూ వచ్చిన భటులకి చెప్పరు. కానీ అతని కోసం ప్రాణాలు మాత్రం ఇవ్వరు. ఆ చివరి షరతు ఎంత బావుందో ఆడితేనే తెలుస్తుంది. ఇల్లు తగలబెడతామని భటులు బెదిరిస్తే ఆ ఇంటివాళ్లు ఏం చేస్తారన్నది డీఎమ్ చేతిలో ఉంటుంది, హీరో తలుపు వెనక నిలబడి వినాల్సిందే. అతను హీరో ఎలా అయ్యాడో చెప్పడానికి ఇంకో పట్టిక కూడా ఉంది. అవినీతి వ్యాపారిని దోచి పేదలకి పంచాడా, పలుగు పారలతో సైనికుల్ని ఎదిరించడం రైతులకి నేర్పాడా, ఇలా పది రకాలు.

అన్నీ ఇలా లేవు. ఊళ్లకి దూరంగా అడవుల్లో పెరిగిన ఔట్‌ల్యాండర్ ఫీచర్ మాత్రం నాకు తలనొప్పి. చూసిన దారి మర్చిపోడు, పైగా నేల కాస్త అనుకూలంగా ఉంటే చాలు, తనకీ ఇంకో ఐదుగురికీ రోజూ తిండీ నీళ్లూ సంపాదించేస్తాడు. అడవిలో ఆకలితో దారి తప్పే కథ అనుకున్నారా, ఇక అయిపోయినట్టే. హెర్మిట్‌కి వచ్చే ఫీచర్ ఇంకో తీరు: ఏకాంతంలో ఏదో గొప్ప సత్యం కనిపెట్టాడట, అదేమిటో డీఎమ్‌తో కూర్చుని తేల్చుకోవాలట. డీఎమ్ తీరిగ్గా ఉంటే అద్భుతం. లేకపోతే ఆ సత్యం క్యారెక్టర్ షీట్ మీదే నిద్రపోతుంది. లక్షణాలకి తగ్గట్టు ఆడినందుకు ఇచ్చే, పాచిక వేసేటప్పుడు సాయపడే ఇన్‌స్పిరేషన్ అనే బహుమతి కూడా అంతే, ఆట హడావిడిలో పడి చాలాసార్లు ఇవ్వడమే మర్చిపోతాం.

ఇక 2024 పుస్తకం. ఇందులో 16 బ్యాక్‌గ్రౌండ్లు. రైతు, కాపలాదారు, దారి చూపే గైడ్, వ్యాపారి, లేఖకుడు కొత్తగా చేరారు. ఫోక్ హీరో, ఔట్‌ల్యాండర్, అర్చిన్ ఆ పేర్లతో లేరు. పాత ఫీచర్లన్నీ తీసేశారు. బ్యాక్‌గ్రౌండ్ కింద ఉండే స్వభావం, ఆదర్శం, బంధం, లోపం పట్టికలూ పోయాయి. వాటి స్థానంలో మొదటి లెవెల్లోనే ఆరిజిన్ ఫీట్ అనే ఒక అదనపు నేర్పు ఇచ్చారు. సిపాయికి శావేజ్ అటాకర్, పండితుడు సేజ్‌కి విజార్డ్ మంత్రాలు నేర్పే మ్యాజిక్ ఇనిషియేట్, రైతుకి టఫ్. ఈ మార్పు నిజంగా బావుంది. రైతుగా పెరిగినవాడు గట్టివాడని మాటల్లో చెప్పి వదిలెయ్యకుండా లెవెల్‌కి రెండు హిట్ పాయింట్లు (దెబ్బలు తట్టుకునే శక్తి) ఎక్కువ ఇచ్చి చూపిస్తారు. కొత్తగా ఆడేవాళ్లు ఇప్పుడు క్యారెక్టర్‌ని చాలా తొందరగా తయారు చేసుకుంటున్నారు, అర్థం కాక తల గోక్కునే చోట్లు తగ్గాయి.

నా అసలు కోపం వేరే దాని మీద. 2014లో బలం, తెలివి లాంటి సామర్థ్యాలకి అదనపు పాయింట్లు జాతి (నోమ్, ఎల్ఫ్ లాంటి కల్పిత జీవుల జాతి) వల్ల వచ్చేవి. నోమ్‌కి తెలివి రెండు పెరిగేది, హాఫ్-ఆర్క్‌కి బలం రెండు పెరిగేది. పుట్టుకతోనే తెలివి తేల్చెయ్యడమేంటన్న విమర్శ సబబే. 2020లో వచ్చిన టాషాస్ కాల్డ్రన్ ఆఫ్ ఎవ్రీథింగ్ అనే అదనపు పుస్తకం ఆ పాయింట్లని ఎక్కడైనా పెట్టుకోవచ్చని తలుపు తెరిచింది. 2024లో వాటిని బ్యాక్‌గ్రౌండ్‌కి కట్టేశారు. ఒక్కో బ్యాక్‌గ్రౌండ్‌కి మూడు సామర్థ్యాలు, వాటిలోనే పంచుకోవాలి. రైతుకి బలం, దేహదారుఢ్యం, వివేకం. తెలివి లేదు.

దీని ఫలితం లెక్కలో చూడండి. సామర్థ్యాలకి పంచుకోమని పుస్తకమిచ్చే స్టాండర్డ్ అర్రే అనే అంకెల వరసలో పెద్దది 15, విజార్డ్ అది తెలివిలో పెడతాడు. సేజ్ అయితే అది 17 అవుతుంది, మోడిఫయర్ (ఆ అంకెని బట్టి లెక్కల్లో కలిసే అదనం) +3, అతని మంత్రాన్ని తప్పించుకోవాలంటే ఎదుటివాడు 13 వెయ్యాలి. అదే రైతుబిడ్డ విజార్డ్ 15 దగ్గరే ఆగిపోతాడు, +2, ఎదుటివాడికి 12 చాలు. తేడా ఒక్క పాయింటే కదా అంటారు. నిజమే, ఇరవై ముఖాల పాచికలో అది ఐదు శాతం. కానీ బల్ల దగ్గర కూర్చున్న మనిషి అలా ఆలోచించడు. నష్టమని తెలిశాక రైతుబిడ్డని వదిలేసి సేజ్‌నే రాసుకుంటాడు. పొలంలో దొరికిన చిరిగిన పుస్తకంలో మంత్రం నేర్చుకున్న కుర్రాడు పోయి, గ్రంథాలయంలో చదువుకున్న ఇంకో కుర్రాడు వస్తాడు. ఇదివరకు విజార్డ్‌లందరూ నోమ్‌లు, ఎల్ఫ్‌లు అయ్యేవారు, ఇప్పుడు అందరూ పండితులు.

దీనికి విరుగుడు కొత్త పుస్తకంలోనే ఉంది, చాలామంది గమనించరు. పాత పుస్తకాల్లోని బ్యాక్‌గ్రౌండ్‌ని కొత్త రూల్స్‌తో వాడుకోవచ్చు. దానికి సామర్థ్య పాయింట్లు లేకపోతే ఆటగాడు తనకి నచ్చిన చోట పెంచుకోవచ్చు, ఫీట్ లేకపోతే ఏదైనా ఒక ఆరిజిన్ ఫీట్ తీసుకోవచ్చు. అంటే 2014 ఫోక్ హీరోని తెచ్చి 2024 ఆటలో కూర్చోబెడితే, కొత్త రైతుకి లేని స్వేచ్ఛ అతనికి దొరుకుతుంది! ఈ చమత్కారం కావాలని పెట్టారో అలా కుదిరిందో గానీ, మేం ఇప్పుడు ఆడుతున్నది ఇలాగే. క్లాసులు, పోరాటాలు కొత్త పుస్తకంలోంచి, గతం పాత పుస్తకంలోంచి.

2017లో వచ్చిన జానథార్స్ గైడ్ టు ఎవ్రీథింగ్‌లో కూడా ఇలాంటి పట్టికలు బోలెడు. తల్లిదండ్రులెవరు, ఎక్కడ పుట్టాడు, తోబుట్టువులెందరు, ఈ దారిలోకి ఎందుకొచ్చాడు, జీవితంలో ఏమేం జరిగాయి. సరదాగా ఉంటాయి కానీ అన్నీ వేస్తే మొదటి లెవెల్ కుర్రాడికి ముసలాడి జీవితమంత చరిత్ర తయారవుతుంది. ఒకటో రెండో వేసి ఆపండి. పదేసి పేజీల బ్యాక్‌స్టోరీ రాసుకొచ్చే ఆటగాళ్లకీ నేను చెప్పేది ఇదే. నాకు మూడు పేర్లు చాలు: నువ్వు బాకీ పడ్డవాడు, నిన్ను వెతుకుతున్నవాడు, నువ్వు తిరిగొస్తావని ఎదురుచూస్తున్నవాడు. మిగతాది ఆడుతూ కనుక్కుందాం.

కొనేముందు రుచి చూడాలనుకుంటే ఎస్ఆర్‌డీ అనే ఉచిత రూల్స్ పత్రాలు ఉన్నాయి. 2023లో క్రియేటివ్ కామన్స్ కింద వదిలిన 5.1లో బ్యాక్‌గ్రౌండ్ అకోలైట్ ఒక్కటే, కానీ దాని పట్టికలన్నీ ఉన్నాయి. కొత్త రూల్స్‌కి వచ్చిన 5.2లో అకోలైట్, క్రిమినల్, సేజ్, సోల్జర్ నలుగురూ ఉన్నారు, పట్టికలు లేవు. రెండు అకోలైట్లనీ పక్కపక్కన పెట్టి చదవండి. పాతదాని లోపాల పట్టికలో ఒక పాచిక వేసి చూస్తే, మీ గుంపుకి ఏ పుస్తకం కొనాలో అక్కడే తేలిపోతుంది.